మామగారు కట్టిన అంటుకు కత్తి పెట్టవచ్చా?

పర్లాకిమిడి నుంచి 36 ఏళ్ళ గృహిణి ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమె రాసినదాని సారాంశం ఇది.

ఆమె పుట్టిల్లు పాతపట్నం. భర్త రాయగడలో ఉద్యోగం చేస్తూ వారానికి ఒకసారి ఇంటికి వస్తారు. ఇంట్లో ఉండేది ఆమె, ఇద్దరు పిల్లలు, అత్తగారు. మామగారు కిందటి ఏడాది వైశాఖంలో కన్నుమూశారు. పెరట్లో నూతి పక్కన ఆయన 12 ఏళ్ళ కిందట అంటు కట్టిన ముదురు ఎరుపు గులాబీ ఉంది. కడియం నుంచి తడి గోనెగుడ్డలో చుట్టి తెచ్చిన పుల్లలోంచి కన్ను (చిగురు వేసే మొగ్గ) తీసి, ఊళ్ళో దొరికిన నాటు గులాబీ మీద కట్టారట. రకం పేరు ఎవరికీ తెలియదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు ప్రహరీ గోడ ఆ చెట్టు మీద కూలితే, ఆయన ఇటుకలు ఒక్కొక్కటే తీసి దాన్ని బతికించుకున్నారు.

కార్తీక మాసంలో ఆ చెట్టుకు ఒక కొమ్మన వింత పువ్వు పూసింది. సగం ఎప్పటిలాగే ముదురు ఎరుపు, సగం లేత గులాబీ రంగు. రెండు రంగులూ కలిసే గీత ఒకే రేకు మధ్యలోంచి పోయిందని రాశారు. సంక్రాంతి ముందు అదే కొమ్మకు పూసిన రెండో పువ్వులో ఎరుపు జాడే లేదు, మొత్తం లేత రంగే. ఇప్పుడు మూడో మొగ్గ శనగగింజంత ఉంది.

ఆ పువ్వు భర్త పంపిన గుర్తు అని అత్తగారు నమ్మారు. రోజూ చెట్టు మొదట్లో దీపం పెడుతున్నారు. చెట్టును ఎవరూ ముట్టకూడదన్నారు, ఈ ఏడాది కత్తిరింపులు కూడా చేయనివ్వలేదు. పక్కింటావిడ రెండు రంగుల పువ్వు ఇంటికి అరిష్టమనీ కొమ్మ నరికేయమనీ అన్నారు. ఊళ్ళో నర్సరీ నడిపే ఒకాయన వచ్చి చూసి, కొమ్మ ఇస్తే 5,000 రూపాయలు ఇస్తానన్నాడు. ఆ సంగతి తెలిసి బరంపురంలో ఉన్న బావగారు ఫోను చేసి, ఇలాంటివి లక్షలు పలుకుతాయి, తొందరపడి ఎవరికీ ఇవ్వకండి, నేను వచ్చి మాట్లాడతాను అన్నారు. ఉత్తరం రాసినావిడకు మొక్కలంటే ప్రాణం. ఆ కొమ్మనుంచి కన్ను తీసి అంటు కట్టి ఆ రంగును నిలబెట్టాలని ఉంది. ఒకరోజు ఆ మాట అంటే అత్తగారు, “ఆయన చెట్టుకు కత్తి పెట్టడానికి నీకు చేతులెలా వస్తాయి?” అన్నారు. ఆ మాట ఆమెకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

చివరి పేజీలో రెండు సంగతులున్నాయి. ఒకటి: శివరాత్రికి అత్తగారు శ్రీముఖలింగం వెళ్ళి రెండు రోజులు అక్కడే ఉంటారు, “ఆ రెండు రోజుల్లో పని కానిచ్చేయనా?” అని అడిగారు. రెండోది, మాటవరసకు రాసినట్టు రాశారు: చెట్టు మొదలుకు జానెడు దూరంలో మట్టిలోంచి ఒక కొత్త కొమ్మ లేచి భుజమంత ఎత్తుకు పెరిగింది, లేత పచ్చగా, ఒక్కో ఆకుకు ఏడేసి చిన్నాకులతో ఉంది, ఇంకా పూయలేదు. అత్తగారు దాన్ని చూసి “ఆయన మళ్ళీ మొలిచారు” అని కళ్ళు తుడుచుకున్నారట.

నా సమాధానం

అమ్మా, మీరు పువ్వు గురించి ఐదున్నర పేజీలు రాశారు, ఆ కొత్త కొమ్మ గురించి నాలుగు వాక్యాలు. నేను ఆ నాలుగు వాక్యాల దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. అక్కడికి వస్తాను. ముందు పువ్వు సంగతి.

మీ చెట్టుకు జరిగినదాన్ని తోటల వాళ్ళు ‘స్పోర్ట్’ అంటారు. శాస్త్రం పుస్తకాల్లో మొగ్గ ఉత్పరివర్తన అని ఉంటుంది. కొమ్మ చివర, ఆకులూ మొగ్గలూ పుట్టే చోట, కంటికి కనిపించనంత చిన్న కణాలు నిరంతరం రెండుగా చీలుతుంటాయి. అలా చీలేటప్పుడు ఒక్క కణంలో, ఎరుపు రంగు తయారుచేసే సూచన ఎక్కడో తప్పిపోతుంది. ఆ కణానికి పుట్టిన కణాలన్నీ అదే తప్పును మోసుకెళతాయి. అవి కొమ్మ చుట్టుకొలతలో ఒక పక్కను ఆక్రమిస్తే, ఆ కొమ్మ చివర పూసే పువ్వు సగం పాత రంగు, సగం కొత్త రంగు అవుతుంది. మీ కార్తీకపు పువ్వు అది. తర్వాతి చిగురు పూర్తిగా మారిన పక్కనుంచే వచ్చి ఉంటుంది, అందుకే సంక్రాంతి పువ్వులో ఎరుపు లేదు. మీరు రెండు పువ్వులనూ వరుసగా, ఏ కొమ్మనుంచి వచ్చాయో గుర్తుపెట్టుకుని రాశారు కాబట్టే ఇంత ధైర్యంగా చెప్పగలుగుతున్నాను. ఎండకు రంగు వెలిస్తే చెట్టంతా వెలుస్తుంది. తామర పురుగులు రసం పీలిస్తే రేకుల మీద మచ్చలూ చారలూ పడతాయి, అంచులు మాడతాయి. రేకు మధ్యలోంచి తిన్నగా పోయే గీత వాటివల్ల రాదు.

గులాబీల్లో ఇది కొత్త కాదు. 1945లో విడుదలైన ‘పీస్’ అనే పసుపు గులాబీ ప్రపంచమంతా పాకింది. అమెరికాలో షికాగోలోని ఒక తోటలో దాని కొమ్మకు మరింత ముదురు గులాబీ రంగు పూలు పూశాయి, 1962లో అవి ‘షికాగో పీస్’ పేరుతో బజారుకు వచ్చాయి. 1958లో జర్మనీలో వచ్చిన ‘ఐస్‌బర్గ్’ తెల్ల గులాబీకి ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో ఒక తోటలో గులాబీ రంగు పువ్వు పూసింది. మన దేశంలో శాస్త్రవేత్తలు గులాబీ కన్నులకు గామా కిరణాలు తగిలించి కావాలనే ఇలాంటి మార్పులు తెప్పించారు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ‘అభిసారిక’ అలా పుట్టిందే. ప్రయోగశాలలో కిరణాలతో చేసిన పని మీ నూతి పక్కన దానంతట అదే జరిగింది.

కాబట్టి పక్కింటావిడ మాటకు భయపడకండి. రంగు మారిన కొమ్మకూ ఇంటి కష్టసుఖాలకూ ఏ ముడీ లేదు. ఆవిడతో వాదనా వద్దు.

అత్తగారి నమ్మకం వేరు. దాన్ని శాస్త్రంతో కొట్టేయమని నేను చెప్పను. ఏడాది కూడా నిండీ నిండని దుఃఖం అది. ఆమెకు కణాల కథ చెబితే, పెనిమిటి పంపిన గుర్తును కోడలు లాగేసుకుందన్న బాధే మిగులుతుంది. మీకు కారణం తెలిస్తే చాలు, అది ఆమె నోటితో ఒప్పించాల్సిన పని లేదు. దీపం మాత్రం మొదలుకు రెండడుగులు ఇవతల పెట్టమని అడగండి. వేడికి బెరడు మాడుతుంది. ఆ కోరికకు ఆమె అడ్డు చెప్పరనుకుంటాను.

ఇక ఆ కొత్త కొమ్మ. మీ మామగారు నాటు గులాబీ మీద అంటు కట్టారని మీరే రాశారు. అంటే నేల కింద ఉన్న వేళ్ళు ఒక మొక్కవి, పైన పూసే కొమ్మలు ఇంకో మొక్కవి. అంటు కట్టిన చోటుకు కింద నుంచి చిగురు లేస్తే అది నాటు మొక్క పిలక. ఆకుకు ఏడు చిన్నాకులు ఉన్నంత మాత్రాన పిలక అని తీర్పు చెప్పకూడదు, కొన్ని తోట గులాబీలకూ ఏడు ఉంటాయి. మీరు చేయవలసిన పరీక్ష వేరే ఉంది, దానికి కత్తి అక్కర్లేదు. చెట్టు మొదట్లో మట్టిని చేత్తోనే మెల్లగా పక్కకు తీయండి. మొదలు మీద ఒక చోట ముడిలా, కణుపులా ఉబ్బి ఉంటుంది. అదే మామగారు కన్ను పెట్టిన చోటు. కొత్త కొమ్మ ఆ ముడికి కింద నుంచి, లేదా వేరు మీద నుంచి లేచిందా? లేచి ఉంటే అనుమానం లేదు.

పిలకకు బలం ఎక్కువ. వేళ్ళు దాని సొంతవి కాబట్టి ఆహారమంతా ముందు అదే తాగుతుంది. ఒక వానాకాలం గడిచేసరికి తలెత్తి నిలబడుతుంది, రెండో దానికి పైన ఉన్న ఎర్ర గులాబీ చిక్కిపోతుంది, ఆ తర్వాత మీ పెరట్లో గుత్తులు గుత్తులుగా చిన్న నాటు పూలు మాత్రమే మిగులుతాయి. నా పెరట్లో ఒక పసుపు గులాబీని నేను ఇలాగే పోగొట్టుకున్నాను. చెట్టు ఏపుగా పెరుగుతోందని మురిసిపోతూ రోజూ నీళ్ళు పోసింది నేనే. పూలు మారాక గానీ తెలియలేదు, అప్పటికి పాత కొమ్మలు ఎండిపోయాయి.

మీ ఇంట్లో ఇప్పుడు అదే జరగబోతోంది. అత్తగారు ఆయన మళ్ళీ మొలిచారని ఆనందపడుతున్న కొమ్మ, ఆయన చేత్తో కట్టిన కొమ్మను మింగేస్తుంది. చెట్టును ముట్టకుండా ఉంచితే అది పదిలంగా ఉంటుందని ఆమె నమ్మకం. గులాబీ విషయంలో అది నిజం కాదు. అంటు మొక్క చేతి మొక్క, చెయ్యి తీసేస్తే నాటు మొక్క గెలుస్తుంది.

మీ ముందున్న దారులేమిటో, ఒక్కో దారి ఎక్కడికి పోతుందో చూద్దాం.

అత్తగారి మాట ప్రకారం ఏమీ చేయకుండా వదిలేయవచ్చు. ఇంట్లో మాట పట్టింపు రాదు. కానీ పైన చెప్పినట్టు పాత ఎరుపూ, కొత్త లేత రంగూ రెండూ పోయే ప్రమాదం ఉంది. పైగా ఆ రంగు మొత్తం ఒక్క కొమ్మ మీద ఆధారపడి ఉంది. మీ జిల్లాకు తుఫాను అంటే ఏమిటో నేను చెప్పాలా? ఇంకో గోడ కూలడానికి ఒక్క రాత్రి చాలు, ఈసారి ఇటుకలు తీయడానికి ఆయన లేరు.

నర్సరీ ఆయనకు కొమ్మ అమ్మవచ్చు. అతనిది చెడు ఉద్దేశమని నేను అనడం లేదు, అతని వృత్తి అది. అయితే కొమ్మ మొత్తం ఇస్తే మీ దగ్గర ఏమీ మిగలదు. అతను అందులోంచి పది కన్నులు తీసి పది మొక్కలు చేసుకుంటాడు, ఆ పది నుంచి నూరు. వాటి మీద అడగడానికి మీ చేతిలో ఏ హక్కూ ఉండదు. అతనితో వ్యవహారం చేయాలనే అనుకుంటే, ముందు మీ ఇంట్లో రెండు మూడు మొక్కలు నిలదొక్కుకోనివ్వండి. తర్వాత కొమ్మ ఇవ్వకుండా కన్నులు మాత్రమే ఇవ్వండి, ఎన్ని ఇచ్చారో, ప్రతిఫలం ఏమిటో కాగితం మీద రాసుకోండి.

బావగారి లక్షల మాట. ఇందులో కొంత నిజముంది, దూరం చాలా ఉంది. మన దేశంలో కొత్త మొక్కల రకాలకు హక్కు ఇచ్చే చట్టం 2001లో వచ్చింది, అందులో రైతుల హక్కులకూ చోటిచ్చారు. గులాబీని కూడా నమోదు చేసుకోవచ్చు. దానికి ఆ రకం మిగతా రకాలకంటే స్పష్టంగా వేరుగా ఉండాలి, కట్టిన మొక్కలన్నీ ఒకేలా ఉండాలి, తరం తర్వాత తరం మారకుండా నిలవాలి. దరఖాస్తుకు ఏడాది కంటే ముందే దేశంలో అమ్మకం మొదలై ఉంటే కొత్తదనం పోయినట్టే లెక్క. ఇంకొక చిక్కు: ఉన్న రకంనుంచి పుట్టిన మార్పును ఆ రకానికి సంతతిగానే చట్టం చూస్తుంది. తల్లి రకం మీద ఎవరికైనా రక్షణ ఉంటే వారి అనుమతి కావాలి. మీ తల్లి రకం పేరే మీకు తెలియదు, ముందు అది తేలాలి. ఇంతా చేసి, ఎర్ర గులాబీకి లేత రంగు రావడం గులాబీల్లో తరచుగా కనిపించే మార్పే, అలాంటి రంగు పూలు ఇప్పటికే బజారులో చాలా ఉన్నాయి. బావగారికి ఈ విషయాలు ఉన్నవి ఉన్నట్టు, మీ భర్తతో కలిసి చెప్పండి. మీరొక్కరే చెబితే, కోడలు డబ్బు దాచుకోవాలని చూస్తోందన్న మాట రావచ్చు. ఆ భయం మీ ఉత్తరంలో నాకు కనిపించింది. ఇల్లు అత్తగారి పేరున ఉందని రాశారు. చెట్టు ఎవరిదన్న ప్రశ్న వస్తే సమాధానం సూటిగానే ఉంది, ఆమెది.

అందుకే శివరాత్రి ఆలోచన మానుకోండి. పని చేతకాక చెడుతుందని కాదు, మీరు బాగానే కట్టగలరు. అంటు కట్టిన చోట పాలిథిన్ పట్టీ మూడు వారాల పాటు ఉండాలి. అత్తగారు ముఖలింగంనుంచి రాగానే దీపం పెట్టడానికి ఆ చెట్టు మొదలు దగ్గరికే వెళతారు. పట్టీ ఆమె కంట పడుతుంది. అప్పుడు మీరు ఎంత మంచి పని చేసినా, ఆమె దేవుడి దగ్గర ఉన్నప్పుడు వెనక జరిగిన పనిగానే మిగిలిపోతుంది. పువ్వు దక్కినా మీ ఇద్దరి మధ్య ఏదో ఒకటి పోతుంది.

నా మొగ్గు దేనివైపో దాచను. ఆ అంటు మీ ఇంట్లోనే, అత్తగారి ఎదుట, వీలైతే ఆమె చేయి కూడా పడి జరగాలని నా కోరిక. దానికి దారి ఉందనే అనుకుంటున్నాను. ఆ దారి నన్ను భయపెడుతున్న పిలకలోనే ఉంది.

అంటు కట్టడానికి కావలసింది ఏమిటి? పెన్సిలు లావున, రసం బాగా ఆడుతున్న నాటు కొమ్మ. మీ పిలక సరిగ్గా అదే. దాన్ని ఇప్పుడు నరకాల్సిన పనే లేదు. లేత రంగు కొమ్మనుంచి కన్ను తీసి ఆ పిలక మీదే కట్టండి. కన్ను అతుక్కున్నాక దానికి పైన ఉన్న పిలక చివరను నెమ్మదిగా తగ్గిస్తూ వస్తే, ఆయన మళ్ళీ మొలిచారని అత్తగారు అనుకున్న కొమ్మే లేత రంగు పువ్వు పూస్తుంది. పిలక పక్క కొమ్మలను మాత్రం చిదిమేస్తుండాలి, లేకపోతే పాత చెట్టు ఆహారం అది లాగేస్తూనే ఉంటుంది. వానలు పడ్డాక, పిలకకు విడిగా వేళ్ళు ఉన్నాయో లేదో చూసి, ఉంటే వేరుచేసి పక్కన నాటుకోవచ్చు. పాత ఎర్ర గులాబీకి అప్పుడు ఊపిరి ఆడుతుంది.

కన్ను ఎప్పుడు తీయాలంటే, పువ్వు వాడి రాలిపోయాక. ఆ కొమ్మ మీద ముల్లును బొటనవేలితో పక్కకు తోయండి. టప్పున శుభ్రంగా ఊడి వస్తే కన్ను సిద్ధంగా ఉన్నట్టు. తొక్క చీరుకుంటూ వస్తే ఇంకో వారం ఆగండి. సంక్రాంతి పువ్వు కింద, ఐదు చిన్నాకులున్న ఆకు మొదట్లో ఉన్న కన్ను అన్నిటికంటే నమ్మదగినది, పూర్తిగా మారిన భాగానికి అది దగ్గర. సగం సగం పూసిన చోట కన్నులు తీస్తే ఎరుపూ రావచ్చు, లేతదీ రావచ్చు. ఆకు కోసేటప్పుడు కాడ కొంచెం వదిలిపెట్టండి, కన్ను పట్టుకోవడానికి పిడిలా పనికొస్తుంది. పిలక బెరడు మీద ఇంగ్లీషు టి అక్షరంలా గాటు పెట్టి, బెరడు రెండు అంచులూ ఎత్తి, కన్ను లోపలికి జార్చి, కన్ను కనిపించేలా పట్టీ చుట్టండి. రెండు మూడు వారాలకు ఆ కాడను వేలితో తాకండి. తాకగానే రాలిపోతే అంటు పట్టింది. ముడుచుకుని ఎండి అక్కడే అతుక్కుని ఉంటే పోయింది, ఇంకో కన్నుతో మళ్ళీ ప్రయత్నించాలి. ఒక్క కన్ను మీద ఆశ పెట్టుకోకుండా మూడైనా కట్టండి. మీ ప్రాంతంలో ఫిబ్రవరి దాటితే ఎండలు ముదిరి కన్నులు మాడిపోతాయి, ఈసారి కుదరకపోతే మళ్ళీ నవంబరు దాకా ఆగాల్సిందే. ఎంత జాగ్రత్తగా కట్టినా కొన్ని స్పోర్టులు తర్వాత పాత రంగుకు మళ్ళుతాయి. అలా జరిగితే అది మీ చేతి తప్పు కాదు.

అత్తగారితో ఎలా మొదలుపెట్టాలన్నది అసలు కష్టం. మీ నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది: మామగారి అంటు కత్తి, పట్టీల చుట్ట ఇప్పటికీ అటక మీద బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయని. ఆ డబ్బా దించండి. మీ కోరిక చెప్పడానికి దించకండి, ఆమెను అడగడానికి దించండి. ఆయన ఆ రోజు ఎక్కడ కూర్చుని కట్టారు, నీళ్ళు ఎవరు పట్టారు, మొదటి పువ్వు ఎన్నాళ్ళకు పూసింది, దాన్ని ఎవరి తలలో పెట్టారు? ఈ ప్రశ్నలకు జవాబులు తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కరే. ఆ చెట్టు ఆయన కత్తితోనే పుట్టిందన్న సంగతి ఆమె నోటినుంచే వస్తుంది. వస్తే, మట్టి తీసి ఆ ముడిని ఆమెకు చూపించండి. చేత్తో తడిమితే తెలుస్తుంది, ఆయన వేళ్ళు ఆడిన చోటు అది. పిలక దానికి కింద నుంచి లేచిందని కూడా అప్పుడే చూపించండి, దాచకండి.

ఆమె అప్పటికీ వద్దనవచ్చు. అలా అంటే ఈ ఫిబ్రవరికి ఆగిపోండి. అత్తగారు అనుమతించేంత వరకు పిలకను నేలవైపు వంచి గుడ్డపేలికతో గూటానికి కట్టండి. వంచితే దాని దూకుడు కొంత తగ్గుతుంది, కత్తి పడదు. వైశాఖంలో ఏడాది తిరిగిన తర్వాత, ఆమె మనసు కొంచెం కుదుటపడ్డాక మళ్ళీ అడగండి. లేత రంగు కొమ్మ అప్పటిదాకా బతుకుతుందని హామీ ఇవ్వలేను. కానీ ఆ కొమ్మ, అత్తగారి మనసు, ఈ రెండింటిలో దేన్ని పోగొట్టుకోవడానికి సిద్ధపడాలో తేల్చుకోవలసింది మీరే. ఆమె అన్న ఆ మాట మీకు ఇంకా గుచ్చుకుంటోందని తెలుసు. అది మీ మీద కోపంతో అన్నమాటగా నాకు తోచలేదు. ఉన్న ఒక్క ఆనవాలూ చెయ్యి జారుతుందేమోనన్న భయం అందులో ఎక్కువగా వినిపించింది.

ఈ లోపు, ఈరోజే చేయగలిగిన పని ఒకటుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ లేత రంగు కొమ్మకు తెల్ల నూలుదారం వదులుగా కట్టండి. మూడో మొగ్గ విచ్చుకున్న రోజు తేదీ, రంగు, ఎన్ని రేకులున్నాయో పిల్లల నోటుపుస్తకంలో రాసిపెట్టండి. అది కూడా పూర్తిగా లేత రంగే పూస్తే మార్పు స్థిరపడినట్టే, కన్నులు ధైర్యంగా తీయవచ్చు. మళ్ళీ సగం సగం పూస్తే కన్ను ఎక్కడ తీయాలో మార్చి చెప్పాలి. అందుకని ఆ పువ్వు ఎలా పూసిందో నాకు తప్పకుండా రాయండి.